పాత ఇల్లు కొనేముందు పెరటి నేల సంగతి

చిరంజీవి మాధవ్‌కు మామయ్య ఆశీస్సులు.

ఎడిసన్‌లో మీరు చూసివచ్చిన ఇల్లు 1950లలో కట్టినదని, ఇద్దరికీ నచ్చిందని రాశావు. చాలా సంతోషం. అయితే ఆ పెరట్లో చమురు ట్యాంకు పాతి ఉన్నదో లేదో తేలేవరకు ముందుకు వెళ్లవద్దు. ఆ కాలంలో న్యూజెర్సీలోని చాలా ఇళ్లకు చలికాలపు వేడి హీటింగ్ ఆయిల్‌తోనే వచ్చేది. దానిని ఇంటి పక్కన పాతిన ఉక్కు ట్యాంకులో, సాధారణంగా 550 లేదా 1,000 గ్యాలన్లది, నిల్వ చేసేవారు. తరువాత గ్యాస్‌కు మారినవారిలో కొందరు ఆ ట్యాంకును తీయించకుండా మట్టిలోనే వదిలేశారు కనుక, ఇప్పుడు గ్యాస్ ఫర్నేస్ కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు.

గోడ వారన, పొదల చాటున నేలలోంచి పైకి లేచిన సన్నని ఇనుప గొట్టం ఉంటే అది ట్యాంకు గాలి గొట్టం కావచ్చు. బేస్‌మెంట్‌లో కోసి, నొక్కి మూసిన రాగి గొట్టాల కోసం వెతుకు. ఏదీ కనబడకపోయినా నమ్మవద్దు. నేను కొన్న ఇంట్లో గొట్టాలు కోసేసి పైన మట్టి కప్పారు. ట్యాంకు లేదని అమ్మినవారు చెబితే నేను అంతటితో ఊరుకున్నాను. రెండేళ్ల తరువాత కంచె కోసం గుంతలు తవ్విస్తుంటే ఉక్కు తగిలింది, మట్టి గుప్పున చమురు వాసన కొట్టింది. ఆ మట్టిని శుద్ధి చేయించే ఖర్చు తమ పరిధిలోకి రాదని బీమావారు తేల్చి చెప్పారు. ఆ ఏడాది మీ అత్తయ్య పడ్డ బెంగ మీకు రాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంటి ఇన్‌స్పెక్షన్‌లో ట్యాంకు స్వీప్, అంటే పాతిన ట్యాంకు కోసం పరికరాలతో నేలంతా వెతకడం, సాధారణంగా కలిసి ఉండదు; విడిగా అడిగి చేయించు. లోహాన్ని పసిగట్టే పరికరంతో పాటు నేలలోకి చూసే రాడార్ కూడా వాడమను. ఇనుప కడ్డీలున్న కాంక్రీటు కింద ఆ పరికరాలు తడబడతాయి కనుక, ఎక్కడెక్కడ చూడలేకపోయారో కాగితం మీద రాయించుకో. ఈలోగా పట్టణ కార్యాలయానికి ఓప్రా (ప్రభుత్వ రికార్డులు కోరే రాష్ట్ర చట్టం) కింద దరఖాస్తు పెట్టి ఆ ఇంటి పర్మిట్లన్నీ తెప్పించు. గ్యాస్‌కు మారిన పర్మిట్ ఉండి, ట్యాంకు తీసిన పర్మిట్ లేకపోతే గట్టిగా అనుమానించాలి.

ట్యాంకులో ఇసుక నింపి మూసేశామని అమ్మేవారు చూపే రసీదు చాలదు. చుట్టూ మట్టి నమూనాల ల్యాబ్ ఫలితాలు, చమురు కారి ఉంటే శుద్ధి ముగిసినట్లు రాష్ట్ర పర్యావరణ శాఖ ఇచ్చిన పత్రం అడుగు. నా మాట వింటే, అమ్మేవారి ఖర్చుతో ట్యాంకును తీయించిన తరువాతే క్లోజింగ్‌కు, అంటే డబ్బు కట్టి ఇల్లు మీ పేరున మార్పించుకోవడానికి, వెళ్లు. చమురు వంటివి నేలలోకి కారితే వర్తించే న్యూజెర్సీ చట్టం, 1976 నాటి స్పిల్ చట్టం, తప్పు ఎవరిదని చూడకుండానే బాధ్యత మోపగలదు; అది కొత్త యజమాని మీదికి కూడా రావచ్చు. ఒప్పందంపై సంతకాలయ్యాక లాయరు పరిశీలనకు మూడు పనిదినాలే ఉంటాయి, ఆ లోపలే ట్యాంకు తీయించే షరతును రాయించు.

స్వీప్ ఏ రోజో తెలియజేయి. నేను కూడా వచ్చి పక్కన నిలబడతాను.

మీ మామయ్య