ఫెండర్‌లో ఈఎల్34 వాల్వులు పెట్టొచ్చా?

ప్రశ్న: మా బాబాయి అమెరికా నుంచి వస్తూ పాత ఫెండర్ బ్యాండ్‌మాస్టర్ రివర్బ్ హెడ్ (స్పీకర్ విడిగా తగిలించుకునే గిటార్ ఆంప్) తెచ్చారు. సిల్వర్‌ఫేస్ మోడల్, రెండు 6ఎల్6జీసీ వాల్వులు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, 8 ఓంల స్పీకర్ ఒకటి తగిలించి వాయిస్తున్నాను. మొన్న కోఠి గుజరాతీ గల్లీలో పాత మైక్‌సెట్ నుంచి తీసిన ఈఎల్34 జత దొరికింది. అదే సాకెట్‌లో చక్కగా కూర్చుంటున్నాయి. పెడితే మార్షల్ ఆంప్స్ సౌండ్ వస్తుందంటున్నారు. పెట్టొచ్చా? లోపల బయాస్ (వాల్వు ఎంత కరెంటు లాగాలో నిర్ణయించే వోల్టేజీ) స్క్రూ ఉందట, అది తిప్పితే చాలా?
- తార్నాక పాఠకుడు

జవాబు: పెట్టకండి. ఇప్పుడున్న వైరింగుతో అసలే వద్దు. ఈపాటికే పెట్టేసి ఉంటే స్విచ్ వేయకుండా తీసేయండి.

సాకెట్ ఒకటేనన్నది నిజం, తేడా అంతా ఒకటో పిన్ను దగ్గరుంది. 6ఎల్6జీసీలో ఆ పిన్ను లోపల దేనికీ కలవదు. అందుకని ఫెండర్ వాళ్లు దాన్ని వైర్లు కట్టుకునే కొయ్యలా వాడుకున్నారు. సిగ్నల్ వైరు ముందు ఒకటో పిన్నుకి వస్తుంది, అక్కణ్ణుంచి 1.5 కిలో ఓంల రెసిస్టర్ మీదుగా ఐదో పిన్నుకి, అంటే వాల్వులోకి సిగ్నల్ తీసుకునే గ్రిడ్‌కి వెళ్తుంది. ఈఎల్34లో అదే ఒకటో పిన్ను సప్రెసర్ అనే ఇంకో గ్రిడ్‌ది, దాన్ని ఎనిమిదో పిన్నుకి, అంటే ఎలక్ట్రాన్లు వెలువడే క్యాథోడ్‌కి కలపాలి. కలపకుండా పెడితే సప్రెసర్ మీదికి దాదాపు మైనస్ 50 వోల్టుల బయాసూ, మీరు వాయించే సిగ్నలూ రెండూ వచ్చిపడతాయి.

టంకం పెట్టి ఆ పిన్ను సంగతి సరిచేసుకోవచ్చు, అరగంట పని. నా భయం హీటర్ల గురించి, అంటే వాల్వుని లోపలినుంచి వేడిచేసే తీగల గురించి. 6ఎల్6జీసీ ఒక్కోటి 0.9 ఆంపియర్లు తాగుతుంది, ఈఎల్34 ఒకటిన్నర. జతకి 1.2 ఆంపియర్లు ఎక్కువన్నమాట. మీ ఆంప్‌లో ఆరు చిన్న వాల్వులు కూడా కలుపుకుంటే ఆంప్ లోపలి పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో హీటర్లకి కరెంటిచ్చే వైండింగ్ మీద ఇప్పటికే 3.6 ఆంపియర్లున్నాయి, అది 4.8 అవుతుంది. పైగా ఆ ట్రాన్స్‌ఫార్మర్ అమెరికాలో 60 హెర్ట్జ్ కరెంటుకి చుట్టింది, మనది 50. స్టెప్‌డౌన్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ని మార్చదు, కాబట్టి అది మన దగ్గర మామూలుగానే కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. ఇంట్లో 240 వోల్టులు వస్తుంటే, 230కి 120 ఇచ్చే స్టెప్‌డౌన్ నుంచి 125 దాకా వస్తాయి. అదింకో భారం.

నాలుగేళ్ల కింద, మే నెలలో, సికింద్రాబాద్‌లో ఒక రిహార్సల్ గదిలో ఇలాంటి ఆంప్‌కే పిన్నులు సరిగ్గా మార్చి ఈఎల్34లు పెట్టాను. గంటన్నర బాగా పలికింది. తర్వాత వార్నిష్ కాలుతున్న వాసన మొదలైంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు సెకన్లు కూడా చెయ్యి ఉంచలేకపోయాను. వెంటనే ఆపి పాత వాల్వులు పెట్టాను కాబట్టి దక్కింది. వాల్వు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, యాభై ఏళ్ల నాటి ఆ ట్రాన్స్‌ఫార్మర్ పోతే అలాంటిది ఎక్కడినుంచి తెస్తాం?

ఇక ఆ స్క్రూ. సిల్వర్‌ఫేస్ ఆంప్స్‌లో చాలావాటికి అది బయాస్ బ్యాలెన్స్ మాత్రమే. ఒక వాల్వుకి తగ్గిస్తే రెండోదానికి పెంచుతుంది, మొత్తం మారదు. 6ఎల్6జీసీలే కొత్తవి వేసుకున్నా ఎంత కరెంటు లాగుతున్నాయో కొలిచి తీరాలి. క్యాథోడ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1 ఓం రెసిస్టర్ పెడితే మల్టీమీటర్‌లో ఒక్కో మిల్లీవోల్టు ఒక్కో మిల్లీఆంపియర్. 6ఎల్6జీసీ ప్లేట్ (ఎలక్ట్రాన్లు వచ్చి చేరే లోహపు రేకు) భరించేది 30 వాట్లు, అందులో 70 శాతమంటే 21. ప్లేట్ దగ్గర 450 వోల్టులుంటే 46 మిల్లీఆంపియర్లు దాటనివ్వకూడదు, నేనైతే 35 దగ్గర ఆగుతాను. చీకట్లో చూసినప్పుడు ప్లేట్ మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే క్షణం ఆలోచించకుండా ఆపేయాలి. ఈ పని వాల్వు ఆంప్స్ తెలిసిన మెకానిక్ చేత చేయించండి, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉంటుంది.

మార్షల్ సౌండ్ సంగతికొస్తే, మార్షల్ మొదటి ఆంప్ జేటీఎం45 ఫెండర్ బాస్‌మాన్ సర్క్యూట్‌ని చూసి కట్టిందే. తొలి రోజుల్లో అందులో 5881 వాల్వులు, తర్వాత కేటీ66లు ఉండేవి, ఈఎల్34లు ఆ తర్వాత వచ్చాయి. ఆ ధ్వనిలో టోన్ కంట్రోల్స్‌కి ముందుండే క్యాథోడ్ ఫాలోయర్ అనే వాల్వు దశకీ, సెలెస్టియన్ స్పీకర్లకీ పెద్ద వాటా ఉంది. మీ ఆంప్‌లో ఆ రెండూ లేకుండా వాల్వులొక్కటీ మారిస్తే మీరు కోరుకునే తేడా రాదు. వాల్వు మార్చే తీరాలనిపిస్తే 5881 జత చూడండి. హీటర్‌కి అదే 0.9 ఆంపియర్లు, కానీ ప్లేట్ 23 వాట్లే, కాబట్టి బయాస్ మళ్లీ కొలిపించాలి.

అంతకన్నా ముందు ఒక పని చేయండి. మీ ఆంప్ అవుట్‌పుట్ 4 ఓంలకి తయారైంది, మీరేమో 8 ఓంల స్పీకర్ ఒక్కటే తగిలించారు. 12 అంగుళాల 8 ఓంల సెలెస్టియన్లు రెండు తీసుకుని, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి ఒకే క్యాబినెట్‌లో బిగించుకోండి, సరిగ్గా 4 ఓంలవుతాయి. ఇప్పుడున్న 6ఎల్6జీసీలతోనే ఒక నెల వాయించి చూడండి. ఆ ఈఎల్34లని దాచి ఉంచండి, వాటికోసమే కట్టిన ఆంప్ ఎప్పుడైనా దొరికితే పనికొస్తాయి.