నొప్పి లేదన్నంత మాత్రాన షూ సరిపోయినట్టు కాదు

ప్రశ్న: మా నాన్నకు 56 ఏళ్లు. హనుమకొండలో ఒక అపార్ట్‌మెంట్ దగ్గర సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తారు. షుగర్ వచ్చి పదేళ్లయింది. రోజూ పన్నెండు గంటల డ్యూటీలో ఎక్కువసేపు నిలబడే ఉంటారు. ఏజెన్సీ వాళ్లు ఇచ్చిన నల్ల షూ 8 సైజుది. పోయిన వారం ఇంటికి వెళ్తే ఆయన చిటికెన వేలి పక్కన బొబ్బ కనిపించింది. అడిగితే ‘ఏం నొప్పి లేదు బిడ్డా, కొత్త షూ కరవకుంటదా, అదే అలవాటైతది’ అన్నారు. ఆన్‌లైన్‌లో 9 సైజు తెప్పిస్తే మడమ జారుతోందంటున్నారు. ఆయనకు ఏ సైజు, ఎలాంటి షూ కొనాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, షూ విషయం కాస్త ఆగి చెబుతాను. ముందు ఆ బొబ్బ సంగతి చూడాలి. అది ఇంకా మానకపోతే రేపే నాన్నగారిని డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా ఆ షూ వేసుకోవద్దు. బొబ్బను సూదితో పొడవకూడదు. పసుపు, సున్నం లాంటివి పూయకూడదు. వేడినీళ్లలో కాళ్లు పెట్టకూడదు. మామూలు నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, శుభ్రమైన పొడి గాజ్ గుడ్డ కప్పితే చాలు. చుట్టూ ఎర్రబడినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, చీము, దుర్వాసన, నలుపు, జ్వరం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రేపటిదాకా కూడా ఆగొద్దు.

మీ ప్రశ్నలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిన మాట ‘ఏం నొప్పి లేదు’ అన్నది. చిటికెన వేలి పక్కన బొబ్బ లేస్తే మామూలుగా అడుగడుగునా మంట పుట్టాలి. ఎవరైనా సాయంత్రానికి కుంటుకుంటూ ఇంటికొస్తారు. నాన్నగారు పన్నెండు గంటలు నిలబడి, నొప్పి లేదంటున్నారు. మీరు బాధపడతారని ఓర్చుకుని అలా అని ఉండొచ్చు. నిజంగానే ఆయనకు తెలియకపోయి ఉండొచ్చు కూడా. షుగర్ ఉన్న కొన్నేళ్లకు చాలామందిలో పాదాల నరాలు మెల్లగా మొద్దుబారతాయి. ఒక పెద్దాయన పొద్దుటి నుంచీ షూలో గులకరాయి పెట్టుకుని తిరిగి, సాయంత్రం మేజోడుకు అంటిన రక్తం చూసి మా దగ్గరికి వచ్చాడు. రాయి ఉన్నట్టే ఆయనకు తెలియలేదు.

అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పాదాల స్పర్శ పరీక్ష కూడా చేయమని అడగండి. పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి నైలాన్ పోగుతో అరికాలిలో కొన్నిచోట్ల తాకించి, తెలుస్తోందా అని అడుగుతారు. పాదంలో నాడి కొట్టుకోవడం కూడా చూస్తారు. నొప్పి ఏమాత్రం ఉండదు. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా చేయించుకోవాల్సిన పరీక్ష ఇది.

స్పర్శ తగ్గినవాళ్లకు షూ కొనడంలో ఒక చిక్కు ఉంది. సరిగ్గా సరిపోయిన షూ వేస్తే వాళ్లకు కాలికి ఏమీ తగిలినట్టు అనిపించదు. ‘వదులుగా ఉంది’ అంటారు. బిగుతుగా పట్టేసినప్పుడే షూ వేసుకున్నట్టు తెలుస్తుంది కాబట్టి అదే బాగుందని తెచ్చుకుంటారు. నాన్నగారు ఈ మధ్య షూలన్నీ వదులంటున్నారా? గుర్తుచేసుకోండి. ఆయన షూను ఇకమీదట కొలిచి, కళ్లతో చూసి, చేత్తో తడిమి ఎంచాలి. ‘ఎలా ఉంది నాన్నా’ అని అడిగి కొంటే సరిపోదు.

ఇక 8, 9 గొడవ. మన దగ్గర షూ మీద ఉండే నంబరు చాలావరకు యూకే సైజు. అందులో ఒక నంబరు పెరిగితే పొడవు అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెడల్పు మాత్రం చాలా కొద్దిగా పెరుగుతుంది. నాన్నగారికి ఒరుసుకుంటున్నది చిటికెన వేలి పక్కన. అంటే ఆయనకు తక్కువైంది వెడల్పు కావచ్చు. మీరు 9 తెప్పిస్తే అక్కర్లేని పొడవు వచ్చి మడమ జారుతోంది, కావాల్సిన వెడల్పు మాత్రం రాలేదు. వెడల్పు ఎక్కువున్న 8 అయితే ఆయన కాలికి కుదిరే అవకాశం ఎక్కువ. అయితే కొలవకుండా నేను కూడా గట్టిగా చెప్పలేను.

ఈ ఇబ్బంది మీ నాన్నగారొక్కరిదే కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. యూరప్ వాళ్లకంటే మన పాదాలు వెడల్పుగా ఉంటాయని అందులో తేలింది. మనవాళ్లు వెడల్పు చాలక పెద్ద నంబరు కొంటారు. అది జారకుండా లేసులు లాగి బిగిస్తారు. ఆ బిగింపుతో ఇంకోచోట ఒరుసుకుంటుంది.

కొలత ఇలా తీయండి. మీరు ఇంటికి వెళ్లినప్పుడు, డ్యూటీ అయ్యాక సాయంత్రం తీయాలి. పొద్దుట్నుంచి నిలబడ్డ పాదం సాయంత్రానికి కొంత ఉబ్బుతుంది, పొద్దున్న తీసిన కొలత రాత్రికి చాలదు. షూలోకి వేసే మేజోళ్లే వేయించండి. గోడకు ఆనించి నేల మీద తెల్లకాగితం పరిచి, దాని మీద మడమ గోడకు తగిలేలా నిలబడమనండి. కూర్చుని తీయొద్దు. బరువు పడ్డప్పుడే పాదం సాగి, పరుచుకుంటుంది. పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీయండి. రెండు పాదాలూ గీయాలి, రెండూ ఒకే సైజులో ఉండాలని లేదు. పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. మడమ నుంచి అన్నిటికంటే ముందుకున్న వేలి కొస వరకు కొలవండి. కొందరికి బొటనవేలి కంటే రెండో వేలు పొడుగు, అలాంటప్పుడు దాని కొసే లెక్క. తర్వాత పాదం అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట, అంటే బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి మొదలు దాకా అడ్డంగా కొలవండి.

షూ లోపలి పొడవు ఈ కొలత కంటే కనీసం ఒక సెంటీమీటరు ఎక్కువుండాలి. రెండు సెంటీమీటర్లు మించకూడదు. లోపలి వెడల్పు పాదం వెడల్పుకు సమానంగా ఉండాలి. కొనేముందు షూ లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి, గీసిన కాగితం దాని మీద పెట్టి చూడండి. పాదం గీత ఇన్‌సోల్ అంచు దాటి బయటికొస్తే, ఆ షూ ఎంత ఖరీదుదైనా వద్దు. ఈ ఒక్క పరీక్షలోనే చాలా షూలు పోతాయి.

ఆన్‌లైన్‌లో కొంటే సైజుల పట్టికలో సెంటీమీటర్ల వరుస చూడండి. యూకే 8, అమెరికా 8 ఒకటి కాదు. మగవాళ్ల షూలలో అమెరికా నంబరు సాధారణంగా ఒకటి ఎక్కువుంటుంది. కొన్ని కంపెనీలు ‘వైడ్’ అని, లేదా 2ఈ, 4ఈ అని వెడల్పు గుర్తులు ఇస్తాయి, అవి వెతకండి.

షూ ముందుభాగం గుండ్రంగా, వేళ్ల మీద ఎత్తుగా ఉండాలి. లోపల వేళ్లు ఆడించగలగాలి. లేసులో, అంటించే పట్టీలో తప్పనిసరి. తొడుక్కుని వెళ్లిపోయే షూ కాలికి ఆగాలంటే బిగుతుగా ఉండక తప్పదు. మడమ వెనకభాగం గట్టిగా ఉండాలి. చేత్తో వంచితే వేళ్లు వంగే చోట వంగాలి, మధ్యలో మడతపడితే అది వద్దు. లోపల చెయ్యి పెట్టి తడిమితే కుట్టు, ముడి ఏదీ తగలకూడదు. స్పర్శ బాగా తగ్గిందని పరీక్షలో తేలినా, పాదం ఆకారం మారినా, గతంలో పుండు పడి ఉన్నా మార్కెట్ షూ చాలదు. వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులో, పాదం కొలతకు చేయించిన షూనో డాక్టరు రాసిస్తారు.

కొత్త షూ కరుస్తుంది, ఆముదం రాసి నాలుగు రోజులు తొడిగితే దారికొస్తుంది అని మన పెద్దలు అనేవారు. నాన్నగారి మాట కూడా అదే. తోలు కొంత సాగుతుంది, నిజమే. అది సాగేలోపు ఆయన చర్మం చిట్లితే మానడానికి వారాలు, నెలలు పట్టొచ్చు. ఒరుసుకునే షూను అలవాటు చేసుకోవద్దని ఆయనకు నచ్చజెప్పండి. కొత్త షూను మొదటి రోజు ఇంట్లో శుభ్రమైన నేల మీద ఒక గంట వేయించండి. అడుగు మాయదు కాబట్టి వాపసు ఇవ్వడానికీ వీలుంటుంది. తీశాక పాదమంతా చూడాలి. ఎక్కడైనా ఎర్రబడి అరగంటైనా ఆ ఎరుపు తగ్గకపోతే, అక్కడ షూ నొక్కుతోందని అర్థం. ఏ గుర్తూ లేకపోతే రోజుకు గంటో రెండు గంటలో పెంచుతూ వెళ్లొచ్చు.

మీరు దూరంగా ఉన్నారు కదా, రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. అమ్మగారు ఉంటే ఆమెతో తీయించండి. తెల్ల మేజోళ్లు కొనివ్వండి, మరక పడితే వెంటనే తెలుస్తుంది. షూ వేసుకునే ముందు ప్రతిసారీ బోర్లించి దులిపి, చెయ్యి పెట్టి చూసుకోమనండి. ఆనెకాయలుంటే బ్లేడుతో కోయడం, కార్న్ క్యాప్ అంటించడం ఆయనకు పనికిరావు.

ఏజెన్సీ ఇచ్చిన షూనే వేయాలి కదా అని ఆయన జంకవచ్చు. యూనిఫాం కోసం కావాల్సింది నల్లటి షూ. వెడల్పాటి నల్ల లేసుల షూ వేసుకోవడం వైద్యపరంగా అవసరమని డాక్టరుతో ఒక కాగితం రాయించి ఇవ్వండి. గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చోవడానికి కుర్చీ కూడా అందులోనే రాయించండి.

ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగకూడదు. హవాయి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియకపోవచ్చు, వెనక పట్టీ ఉన్నదే మేలు. ఎండాకాలం వేయిస్తంభాల గుడికో భద్రకాళి గుడికో వెళ్తే పొద్దున్నే వెళ్లాలి, మందపాటి మేజోళ్లు వేసుకోవాలి. మధ్యాహ్నం కాలిన రాతినేల మీద అరికాళ్లు బొబ్బలెక్కి వచ్చేవాళ్లను ప్రతి వేసవిలో చూస్తుంటాను.

పాదం గీసిన ఆ కాగితాన్ని పారేయకండి. దాని మీద తేదీ వేసి దాచండి. వయసుతో పాటు పాదం పరుచుకుని వెడల్పు, కొంత పొడవు కూడా పెరుగుతుంది. వచ్చే ఏడాది కొత్త షూ కొనేటప్పుడు మళ్లీ గీసి, రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి.