తరచూ మూతి పేలుతోంది... మాత్రలు వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 32. ఏడాదికి నాలుగైదుసార్లు, ముఖ్యంగా ఎండల్లో తిరిగినప్పుడు, జ్వరం తగిలినప్పుడు కింది పెదవి అంచున ఒకేచోట నీటిపొక్కులు గుత్తిగా లేస్తున్నాయి. సాలెపురుగు పాకిందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్, ఆయింట్‌మెంట్ వాడినా పది రోజుల వరకు తగ్గడం లేదు. ఎసైక్లోవిర్ మాత్రలతో తగ్గుతుందని విన్నాను. ఐదు నెలల పాపకు పాలిస్తున్నాను. వాడవచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ వల్ల వచ్చే పొక్కులే అనిపిస్తోంది. సాలెపురుగుకూ దీనికీ సంబంధం లేదు. చాలామందికి చిన్నతనంలోనే సోకే ఈ వైరస్, ముఖానికి స్పర్శనిచ్చే నాడి మొదట్లో, పుర్రె లోపల నిద్రాణంగా ఉండిపోతుంది. ఎండ, జ్వరం, నిద్రలేమి, నెలసరి, మానసిక ఒత్తిడి వంటివి తోడైనప్పుడు అదే నాడి వెంట కిందికి దిగి పెదవి మీద బయటపడుతుంది. ప్రతిసారీ ఒకేచోట రావడానికి కారణం అదే. యాంటీబయాటిక్‌లు బ్యాక్టీరియా మీదే తప్ప వైరస్ మీద పనిచేయవు. మీకిచ్చిన ఆయింట్‌మెంట్‌లో స్టెరాయిడ్ ఉందేమో ట్యూబు మీద చూడండి. ఉంటే వెంటనే ఆపేయండి, దానివల్ల వైరస్ మరింత విజృంభించవచ్చు.

ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ మాత్రలు దీనికి సరైన మందులే. అయితే ఫలితమంతా మొదటి మాత్ర ఎప్పుడు వేసుకున్నారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. పొక్కు కనిపించడానికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందురోజే, ఆ చోట చిమచిమలాడడం, దురద, సన్నటి మంట మొదలవుతాయి. వైరస్ వేగంగా పెరిగేది అప్పుడే. ఈ మందు వైరస్ సోకిన కణాల్లోకి చేరాక క్రియాశీలమై, అది తన నకళ్లను తయారు చేసుకోకుండా అడ్డుకుంటుంది. నకళ్లన్నీ తయారైపోయాక అడ్డుకోవడానికి మిగిలేది తక్కువ. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది నాలుగో రోజున, పసుపుపచ్చని చెక్కు కట్టి, దాని మీద టూత్‌పేస్ట్ ఎండిపోయి ఉండగా వస్తారు. వారికి అప్పుడు మాత్ర రాసినా పెద్దగా మేలు జరగదని చెప్పాల్సి రావడం బాధగా ఉంటుంది. అందుకే మీరు ఇప్పుడే, పొక్కులు లేని సమయంలోనే, చర్మవైద్యుల్ని కలిసి ప్రిస్క్రిప్షన్ రాయించుకుని, మాత్రలు ఇంట్లో ఉంచుకోండి.

ఆరోగ్యవంతులైన పెద్దలకు సాధారణంగా వాలసైక్లోవిర్ 2 గ్రాములు, మళ్లీ 12 గంటల తర్వాత మరో 2 గ్రాములు ఇస్తారు. అంతటితో ఆ విడత చికిత్స పూర్తవుతుంది. ఎసైక్లోవిర్ అయితే రోజుకు ఐదుసార్లు చొప్పున ఐదు రోజులు వాడాలి. కొందరికి తలనొప్పి, వికారం కలగవచ్చు. మాత్రలు వాడే రోజుల్లో నీళ్లు బాగా తాగాలి. కిడ్నీ సమస్య ఉన్నవారికి మోతాదు తగ్గించాలి కాబట్టి ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి. ఎంత త్వరగా మొదలుపెట్టినా మాత్రలు పుండును సగటున ఒక రోజు ముందుగా మాన్పుతాయే గానీ, వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా తొలగించలేవు. ఏడాదికి ఆరుసార్లకు మించి వచ్చేవారికి, కొన్ని నెలలపాటు రోజూ తక్కువ మోతాదులో ఇచ్చే పద్ధతి కూడా ఉంది. మీకు ప్రస్తుతానికి ఆ అవసరం కనిపించడం లేదు. ఎండలోకి వెళ్లేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్ రాసుకోండి.

పాలిచ్చే తల్లులు ఈ రెండు మందులూ వాడవచ్చు. పాలలోకి చేరేది చాలా స్వల్పం. పాపకు ప్రమాదం మాత్రల వల్ల కాదు, పుండు వల్లే. చిమచిమ మొదలైనప్పటి నుంచి చెక్కు రాలి చర్మం మామూలయ్యేవరకు పాపను ముద్దాడకండి. పాలిచ్చేటప్పుడు మాస్కు పెట్టుకోండి. పెదవిని తాకిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చేత్తో మీ కళ్లు గానీ పాప కళ్లు గానీ ముట్టుకోకండి. రొమ్ము మీద పొక్కు కనిపిస్తే ఆ వైపు పాలివ్వడం ఆపి డాక్టరును కలవండి. మీకు కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, పాపకు ఒంటి మీద నీటిపొక్కులు లేచినా, జ్వరంతో పాలు తాగడం మానేసినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.