పచ్చళ్ళ ఛానెల్ మొదలుపెడుతున్న అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఆవకాయ రోజుల్లోపు మీ పచ్చళ్ళకి యూట్యూబ్ ఛానెల్ పెట్టాలనుకుంటున్నానని రాశావు. పెట్టాల్సిందే. కాయ బజారుకొచ్చాక నీకు తీరిక దొరకదు కాబట్టి మార్చిలోనే మొదలుపెట్టు.

ముందు తాళాల సంగతి చూడు. ఎడిటింగ్ చేసే కుర్రాడు తన జీమెయిల్‌తో ఛానెల్ తెరిచి ఇస్తానంటాడు. వద్దను. అతను మంచివాడే కావచ్చు, కానీ రేపు వేరే ఉద్యోగంలో చేరినా, నంబరు మార్చినా ఛానెల్ అతనితోనే పోతుంది. వ్యాపారం పేరు మీద కొత్త జీమెయిల్ తెరిచి, నీ దగ్గరే ఉండే సిమ్ నంబరు ఇవ్వు. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు అడిగే తాళం) పెట్టి, ఫోను దగ్గర లేనప్పుడు పనికొచ్చే బ్యాకప్ కోడ్లు తీసుకో. పది కోడ్లు ఇస్తారు. వాటిని కాగితం మీద రాసి లైసెన్సు కాగితాల ఫైల్లో దాచు. కుర్రాడికి పాస్‌వర్డ్ చెప్పకు. ఛానెల్‌ని నడుపుకునే యూట్యూబ్ స్టూడియో ఉంది, దాని సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ అని ఉంటుంది, అక్కడ అతని మెయిల్‌ని ఎడిటర్‌గా చేర్చు. వీడియోలు ఎక్కిస్తాడు, సవరిస్తాడు, పబ్లిష్ అయినవి మాత్రం తీసెయ్యలేడు. పని మానేసిన రోజు ఆ ఒక్క పేరు తీసేస్తే సరిపోతుంది.

ఛానెల్‌కి ఫోన్ నంబరు వెరిఫై చెయ్యకపోతే సొంత థంబ్‌నెయిల్ (వీడియో తెరవకముందు కనపడే బొమ్మ) పెట్టనివ్వదు, 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కనివ్వదు. పేరూ, హ్యాండిలూ (@ తో మొదలయ్యే ఛానెల్ గుర్తు) సీసా మీద లేబుల్‌లో ఉన్న స్పెల్లింగుతోనే ఉండాలి. ఛానెల్ పేజీ పైన పరిచే బ్యానర్ 2560×1440 సైజులో చేయించు. ఫోన్లో మధ్య భాగమే కనపడుతుంది కాబట్టి పేరు, నంబరు నడిమధ్యలో రావాలి.

ఇక అసలు ప్రశ్న, ఏం తీయాలి? వారం రోజులపాటు ఆర్డర్ల ఫోను పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకో. వెల్లుల్లి లేకుండా ఇస్తారా? నూనె పైకి తేలలేదేం, పాడైందా? సీసా తెరిచాక ఎన్నాళ్ళుంటుంది? అమెరికా పంపిస్తారా? జనం అడిగిన మాటని అడిగిన తీరులోనే రాసుకో. ఒక్కో ప్రశ్నకి ఒక్కో వీడియో, ఆ మాటలే టైటిల్. వెతికేవాళ్ళు టైపు చేసేదీ ఆ మాటలే. "మా ప్రత్యేకతలు" అని తీస్తే మీ ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకెవరూ చూడరు.

నూనె ప్రశ్న ఉంది చూడు, దానికి మాటలకంటే జాడీయే బాగా జవాబు చెబుతుంది. కలిపిన రోజు ముక్కలు పొడిపొడిగా ఉన్నప్పుడు ఒకసారి, మూడో రోజు తిరగ్గలిపి అడుగు పైకి తెచ్చేటప్పుడు ఇంకోసారి, ఒకే చోట ఫోను నిలబెట్టి తియ్యి. రెండూ పక్కపక్కన చూపిస్తే నువ్వు రెండు ముక్కలు చెప్పినా చాలు.

కాయ మనకోసం ఆగదు. ఏప్రిల్, మే నెలల్లో కాయలు కడగడం, పొడిబట్టతో తుడవడం, కత్తిపీట మీద టెంకతో సహా కొట్టడం, జీడి తీసి లోపలి పొర తుడవడం, అన్నీ అవసరానికి మించి తీసి దాచుకో. అక్టోబరులో ఒక్క షాటు తగ్గితే పచ్చికాయ దొరకడం కష్టం. కార్తికంలో ఉసిరికాయ, చలికాలం చివర పండుమిర్చి, వీటికీ ఇదే పద్ధతి.

కారం రంగు దగ్గర చాలామంది దెబ్బతింటారు. పసుపు బల్బు కింద తీస్తే కారం ఇటుకరంగుకు తిరుగుతుంది. ఫోను తనంతట తాను వెలుతురు పెంచితే ఎర్రటి ముద్ద మీద గింజా నూనే కనపడకుండా ఒకటే మరకలా వస్తుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో పెట్టి, స్క్రీన్ మీద కారాన్ని నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు కాస్త తగ్గించు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్ కింద తీయక తప్పకపోతే షటర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టు, లేదంటే చారలు కదులుతాయి. పోపు తీసేటప్పుడు ఆవిరి లెన్సుకు పడుతుంది, మెత్తటి బట్ట దగ్గరుంచుకో.

ఫ్యాను ఆపు. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. పది సెకన్లు తీసి, ఇయర్‌ఫోన్స్‌తో విని, ఆ తర్వాతే మొదలుపెట్టు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే వెళ్ళిపోతారు. మొదట్లో లోగో తిప్పడం, నమస్కారాలు వద్దు. జాడీ మూత తీయడంతో మొదలుపెట్టు.

ధర మాత్రం వీడియోలో నోటితో చెప్పకు. ఎక్కించిన వీడియో స్థానంలో కొత్త ఫైలు పెట్టే వీలు లేదు. కొంత కత్తిరించగలవు, అంతే. మిరప రేటు పెరిగితే నీ పాత ధరే మూడేళ్ళు తిరుగుతూ ఉంటుంది. ధర, ఫోన్ నంబరు డిస్క్రిప్షన్‌లో రాయి, అది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. "షుగరు తగ్గుతుంది" లాంటి మాటలు అసలే వద్దు. ఆహారం మీద అలాంటి ప్రకటనలకి 2018 నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నియమాలున్నాయి.

సినిమా పాట వెనకాల వెయ్యకు. పాట తమదని హక్కుదారు క్లెయిమ్ చేస్తే ఆ వీడియో మీద యాడ్ల డబ్బు పాట హక్కుదారుకి పోవచ్చు, వీడియోనే ఆగిపోవచ్చు. కాపీరైట్ స్ట్రైకు, అంటే హక్కుదారు ఫిర్యాదుతో వీడియో తీసేసి ఛానెల్ మీద వేసే మచ్చ, ఇంకా పెద్దది, 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది. స్టూడియోలో ఆడియో లైబ్రరీ ఉంది, అందులోంచి తీసుకో. అసలు రోట్లో ఆవాలు నూరే చప్పుడు ఉండగా నీకు సంగీతమెందుకమ్మా!

థంబ్‌నెయిల్ 1280×720. మూడు నాలుగు మాటలకు మించి రాయకు. కుడివైపు కింది మూల ఖాళీగా వదులు, వీడియో నిడివి అంకెలు అక్కడే పడతాయి. ఎక్కించేటప్పుడు ముందు అన్‌లిస్టెడ్‌లో (లింకు ఉన్నవాళ్ళకే కనపడేలా) పెట్టి, హెచ్‌డీ తయారయ్యాక బయటపెట్టు. పిల్లల కోసమా అని అడిగితే కాదను, ఔనంటే కామెంట్లు మూతపడతాయి. షార్ట్స్ అనే చిన్న నిలువు వీడియోలు మూడు నిమిషాల దాకా పెట్టొచ్చు, కానీ వాటి డిస్క్రిప్షన్‌లో లింకులు 2023 ఆగస్టు నుంచి నొక్కినా తెరుచుకోవు. దాని బదులు రిలేటెడ్ వీడియోగా పెద్ద వీడియోని తగిలించు.

వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, జనం చూసిన 4,000 గంటలు అని లెక్కపెట్టుకుంటూ కూర్చోకు, అది యాడ్ల డబ్బు కోసం. నీ డబ్బు సీసాల్లో ఉంది. ఆర్డరు ఇచ్చిన ప్రతివాళ్ళనీ ఎక్కడ చూశారని అడిగి ఆర్డర్ల పుస్తకంలో రాయి. స్టూడియోలో నువ్వు చూడాల్సిన గీత ఒక్కటే, మొదటి 30 సెకన్లలో ఎంతమంది మిగిలారన్నది. ఎక్కడ గీత పడిపోయిందో అక్కడ నువ్వేం చెప్పావో మళ్ళీ చూసుకో.

ఛానెల్ కాస్త పెరగగానే స్పాన్సర్‌షిప్ అంటూ మెయిళ్ళొస్తాయి. జతచేసిన జిప్ ఫైలు తెరవకు. అందులోని వైరస్ నువ్వు లాగిన్ అయి ఉన్న బ్రౌజరు నుంచే ఖాతా కాజేస్తుంది, పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఆపలేదు. ఈ మాట ఎడిటింగ్ కుర్రాడికీ చెప్పు.

మొదటి వీడియో అన్‌లిస్టెడ్‌లో పెట్టగానే లింకు పంపు. ముందు ఫోను బోర్లించి మాట ఒక్కటే విని, ఆ తర్వాత బొమ్మ చూసి రాస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న