డెస్క్‌లో చేరబోతున్న మా మేనకోడలికి

అమ్మలూ,

వార్తల డెస్క్‌లో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. హెడ్డింగులు, థంబ్‌నెయిళ్లు, ఫోటోల కింద రాసే రెండు ముక్కలూ నీ పనేనట. "అంతా నీ పోలికే అన్నయ్యా" అంది. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పేర్లు, అంకెలు రెండుసార్లు చూసుకో. బార్ గ్రాఫ్ వేస్తే పక్కనుండే అంకెల గీతను సున్నా నుంచి మొదలుపెట్టు, లేకపోతే పిసరంత తేడా కొండంత కనిపిస్తుంది. కోర్టు తేల్చేదాకా ఎవరైనా నిందితుడే, దోషి కాడు. ఇవన్నీ నీకు తెలిసినవే. అయినా అర్ధరాత్రి దాటాక నిద్రమత్తులో చేయి జారుతుంది.

నా చేయి జారింది నిద్రమత్తులో కాదు. ఈ ఉత్తరం అందుకే.

అప్పటికి డెస్క్‌లో నాకు మూడో ఏడు. హెడ్డింగులు బాగా పెడతాడని పేరు కూడా వచ్చింది. డబ్బు కాజేశాడని ఓ గుమాస్తాను పట్టుకున్నారు. కోర్టు మెట్ల మీద తీసిన ఫోటో నా ముందుకొచ్చింది. అతను తల వంచి ఉన్నాడు. అతని వేలు పట్టుకుని ఓ చిన్నపిల్ల, మొహం పైకెత్తి ఏదో అడుగుతోంది. పేజీలో మిగిలింది సింగిల్ కాలమ్. ఇద్దరూ పట్టరు. పిల్లను కత్తిరించేశాను. కింద "సిగ్గుతో తలదించుకున్న గుమాస్తా" అని రాశాను. తల దించిన మాట నిజమే, గుమాస్తా అన్నదీ నిజమే. "సిగ్గుతో" ఒక్కటే నాది. న్యూస్ ఎడిటర్ భుజం తట్టారు.

రెండేళ్లకు కేసు కొట్టేశారు. ఆ వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశాం, ఫోటో లేకుండా. ఓ సాయంత్రం అతను పాత కటింగ్ మడతపెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. గొడవ చేస్తాడనుకున్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "ఇందులో మా పాప ఏది సార్? ఇంటికెప్పుడు వెళ్దాం నాన్నా అని అడిగితే దానికి జవాబు చెప్తున్నాను" అన్నాడు. సవరణ వేస్తామన్నాను. "వేసి ఏం లాభం? చూసినవాళ్లకు నేను అలాగే గుర్తున్నాను" అని వెళ్లిపోయాడు.

అది ఎంత నిజమో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు కారు ప్రమాదం ఉన్న ఓ చిన్న ఫిల్మ్‌ను విద్యార్థులకు చూపించారు. "ఢీకొన్నప్పుడు కార్లు ఎంత వేగంగా వెళ్తున్నాయి" అని 50 మందిని అడిగారు. ఇంకో 50 మందిని "పచ్చడయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని అడిగారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే, మొదటి గుంపులో 7 మంది, రెండో గుంపులో 16 మంది చూశామన్నారు. ఆ ఫిల్మ్‌లో అద్దమే పగల్లేదు! మరి నా "సిగ్గుతో" ఎంతమందికి ఏమేం చూపించిందో.

నీకు పంచ్ బాగా పడుతుంది, అదే నా టెన్షన్. ఏడేళ్లప్పుడు నా బొమ్మ గీసి కింద "కోపం మామయ్య" అని రాశావు, గుర్తుందా? ఆ రోజు నాకు పంటి నొప్పి, అంతే. ఇంట్లో పిల్లలంతా ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. బొమ్మ మాత్రం బాగా వేశావులే.

ఫోటో కత్తిరించే ముందు అంచుల్లో ఎవరున్నారో చూడు. "సిగ్గుతో", "కావాలని", "నిర్లక్ష్యంగా" లాంటి మాట రాస్తే, అది నీకెలా తెలిసిందో నిన్ను నువ్వే అడుగు. తెలియకపోతే కొట్టేయ్. హెడ్డింగ్ చప్పగా ఉందంటే అననీ. మరీ గట్టిగా అంటే నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడతాను.

ఆ ఫోటో పూర్తి ప్రింటు నా బీరువాలో ఉంది, పాపతో సహా. మీ అత్తయ్యకు కూడా చూపించలేదు. చేరేలోపు ఓసారి రా, చూద్దువుగాని.

నీ
కోపం మామయ్య