అద్దెకిచ్చే సాఫ్ట్‌వేర్‌కి తాళం వేసేముందు

ఒరే అల్లుడూ,

మెడికల్ షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఇక అమ్మను, నెలకింత అని అద్దెకిస్తాను అన్నావు. మంచి పని. ఒకసారి అమ్మేసి పదేళ్లపాటు ఊరికే ఫోన్లెత్తినవాణ్ణి నేను, ఆ బాధ నాకు తెలుసు. కానీ నువ్వు పంపిన కోడ్ చూస్తే టెన్షన్ వచ్చింది. అద్దె గడువు తేదీని మామూలు టెక్స్ట్ ఫైల్లో పెట్టావేంట్రా? నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒక అంకె మార్చుకుంటే పదేళ్లు ఫ్రీ.

దాన్ని ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేస్తానంటావేమో, దాన్ని విప్పే కీ కూడా ప్రోగ్రాంలోనే ఉంటే తాళం వేసి చెవి గుమ్మానికి వేలాడదీసినట్టే. షాపు పేరు, ప్లాను, గడువు, ఎన్ని కంప్యూటర్లు అన్నీ ఫైల్లో బాహాటంగానే ఉండనీ, ఎవడు చదివినా నష్టం లేదు. కింద నీ ఒక్కడి దగ్గరే రహస్యంగా ఉండే ప్రైవేట్ కీతో డిజిటల్ సంతకం పెట్టు. ఎడ్25519 అనే సంతకం పద్ధతి వాడితే సంతకం 64 బైట్లే. ప్రోగ్రాంలో దాని జత, పబ్లిక్ కీ, ఒక్కటే ఉంటుంది, దాంతో సంతకాన్ని సరిచూడొచ్చు గానీ కొత్తది పెట్టలేరు. ఒక్క అక్షరం మారినా దొరికిపోతుంది. ఫైలు పక్క షాపుకి కాపీ కాకుండా మదర్‌బోర్డు, డిస్కు, నెట్‌వర్క్ కార్డు నంబర్లు చూడు, కాకపోతే మూడింట్లో రెండు కలిస్తే చాలనుకో, పాపం డిస్కు పాడై మార్చుకున్నవాడు దొంగ కాదు.

దొంగ అంటే గుర్తొచ్చింది. అప్పట్లో తేదీ వెనక్కి తిప్పి వాడుకుంటున్నారని, చివరి బిల్లు తేదీకన్నా కంప్యూటర్ తేదీ వెనక ఉంటే మొత్తం లాక్ అయ్యేలా రాశాను, తెలివైన పని చేశానని తెగ మురిసిపోయాను కూడా. ఒక ఆదివారం సాయంత్రం గుంటూరులో ఒక షాపాయన మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ, అదే కంప్యూటర్ ఆపినా గడియారాన్ని నడిపే ఆ బిళ్ల బ్యాటరీ, అయిపోయింది. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయింది. కౌంటర్ ముందు జనం, స్క్రీన్ మీద నేను రాసిన ‘లైసెన్సు ఉల్లంఘన’. పైసా బాకీ లేని మనిషి, చీటీల మీద బిల్లులు రాసుకుంటూ ఫోన్లో నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కాబట్టి తేదీ తేడా వస్తే ‘తేదీ సరిచేయండి’ అని అడుగు, నెట్ ఉంటే సర్వర్ టైమ్ తీసుకో, అంతే.

గడువు దాటినా పదిహేను రోజులు నడవనీ. ఆ తర్వాత కొత్త బిల్లులు ఆపు గానీ పాత బిల్లులు, స్టాకు, జీఎస్‌టీ రిపోర్టులు మాత్రం ఎప్పుడూ తెరుచుకోవాలి. ఆ లెక్కలు వాళ్లవి, నీవి కావు. నీ సర్వర్ పడుకుంటే ఏ షాపూ మూతపడకూడదు.

ప్రోగ్రాంలో చెకింగే తీసేసి క్రాక్ చేసేవాడు ఎలాగూ చేస్తాడు, వాడి వెంట పడకు. 2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కదా, అలాంటి రోజున అప్‌డేట్ అందినవాడు పొద్దున్నే షాపు తెరుస్తాడు, క్రాకు వాడేవాడు వేల ఐటమ్‌లు చేత్తో మార్చుకుంటూ కూర్చుంటాడు. జనం నెలనెలా డబ్బు కట్టేది దానికోసమే.

డబ్బు విషయం. ఆటో డెబిట్‌కి ఓటీపీ లేకుండా మామూలుగా 15,000 రూపాయల వరకే, 24 గంటల ముందు మెసేజ్ కూడా వెళ్తుంది. ఏడాది ప్లాను 18 శాతం జీఎస్‌టీ కలిపినా ఆ లోపే ఉండేలా చూసుకో. ఒకసారి డెబిట్ ఫెయిలైందని కట్ చేయకు, నెలాఖరున అకౌంట్లో డబ్బులుండవు, మనకి మాత్రం ఉంటాయా? డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే నుంచి వచ్చే ‘పేమెంట్ అందింది’ కబురుకీ సంతకం ఉంటుంది, అది సరిచూడకుండా గడువు పొడిగించావో, ఎవడైనా దొంగ కబురు పంపుతాడు.

ఇంకోటి, రిపోర్టుల భాగం నీ ఫ్రెండ్ చేత రాయించావు కదా, ఉద్యోగి కాదు గనక దాని కాపీరైట్ వాడిదే. ఆ హక్కు నీకిస్తున్నట్టు రాతపూర్వకంగా, సంతకంతో రాయించుకో. ఎన్నేళ్లకో రాయకపోతే 1957 చట్టం ప్రకారం ఐదేళ్లే అనుకుంటారు, చూసుకో.

ప్రైవేట్ కీని, కోడ్ దాచుకునే గిట్‌లో పెట్టకు. అది పోతే పాత షాపులకి లైసెన్సు పొడిగించలేవు, కాబట్టి పాస్‌వర్డ్ పెట్టి రెండు పెన్‌డ్రైవ్‌లలో ఉంచు. ఒకటి మీ అమ్మ బీరువాలో పెట్టించు, కానీ అదేంటో మా అక్కకి చెప్పి మరీ ఇవ్వు, లేదంటే అందులో పెళ్లి ఫొటోలు ఎక్కిస్తుంది.

మీ మామయ్య