ఆమెను స్టేజీ ఎక్కించకండి

ప్రశ్న: నమస్తే అక్కా. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. ఏడేళ్లుగా మహిళా సంఘంలో ఉన్నాను, ఇప్పుడు గ్రామ సంఘం బాధ్యత నాదే. ఆడవాళ్ల మీద హింసకు వ్యతిరేకంగా నవంబర్ 25న మీటింగు పెడదామని అనుకున్నాం. కొవ్వొత్తుల ర్యాలీ, మైకు, ఫ్లెక్సీ అన్నీ తామే చూసుకుంటామని యూత్ పిల్లలు ముందుకొచ్చారు. రెండేళ్ల కింద మా ఊరి ఆడబిడ్డ మీద అఘాయిత్యం జరిగింది, కేసు ఇంకా కోర్టులోనే ఉంది. ఆమెను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పి నాలుగు మాటలు మాట్లాడిస్తే అందరికీ ధైర్యం వస్తుందని అంటున్నారు. వాళ్ల నాన్న సరే అన్నాడు. ఆమె మాత్రం ఏమీ అనలేదు. నాకేమో మనసు ఒప్పుకోవట్లేదు, ఎందుకో చెప్పలేకపోతున్నా.

జవాబు: మీ మనసు చెప్పింది నిజమే చెల్లె. ఆమెను పిలవకండి. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టా? కన్నతండ్రి ముందు, సంఘం అక్కల ముందు "నాకిష్టం లేదు" అని ఏ ఆడపిల్ల నోరు తెరిచి అంటుంది!

ముందు చట్టం సంగతి. ఇలాంటి కేసులో బాధితురాలు ఎవరో తెలిసేలా ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా. పేరు వేయకున్నా "ఫలానా ఊరి ఫలానా వాళ్ల బిడ్డ" అని అర్థమైతే చాలు. ఆమె మేజర్ అయితే తన గురించి బయటపెట్టమని చెప్పే హక్కు ఆమెదే, అదీ రాతపూర్వకంగా. ఆమె బతికి ఉండగా తండ్రి సరే అన్నా, సర్పంచ్ సరే అన్నా దానికి విలువ లేదు. మీ యూత్ పిల్లలు ఆ శాలువా ఫోటో స్టేటస్‌లో పెట్టుకున్నారనుకోండి, మంచి చేయబోయి వాళ్లే కేసులో పడతారు. పైగా స్టేజీ మీద ఆమె చెప్పిన దాన్ని ఎవరో ఒకరు వీడియో తీస్తారు, కోర్టులో చెప్పిన దానికి దానికి రవ్వంత తేడా ఉన్నా అవతలి లాయరు దాన్నే పట్టుకుని సాగదీస్తాడు.

చట్టం పక్కన పెట్టినా నేను వద్దనే అంటాను. చాలా ఏళ్ల కింద ఒక సభలో ఇలాగే ఒక అమ్మాయి చేతికి మైకు ఇచ్చింది నేనే. చప్పట్లు కొట్టాం, కొందరం ఏడ్చాం కూడా. సభ అయిపోయాక ఎవరిళ్లకు వాళ్లం వెళ్లాం, ఆమె మాత్రం ఆ ఊళ్లోనే ఉండాలి కదా, ఆ మాట మాకెవ్వరికీ తట్టలేదు. కొన్నాళ్లకు నీళ్ల దగ్గరికి రావడం మానేసింది, బోనాలకు రావడం మానేసింది. ఊరు ఆమెను ఆ ఒక్క సంగతితోనే గుర్తు పెట్టుకుంది. ఆ తప్పులో నా వంతు ఉంది, అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంకో మాట ఆలోచించండి. మీ మీటింగుకు వచ్చే వాళ్లలో ఇంతవరకు ఎవ్వరికీ చెప్పుకోని ఆడవాళ్లు తప్పకుండా ఉంటారు. మొగుడి చేత రోజూ దెబ్బలు తినే ఆమె, బావతోనో మేస్త్రీతోనో ఇబ్బంది పడే ఆమె, చిన్నప్పటి సంగతి నలభై ఏళ్లుగా కడుపులో దాచుకున్న పెద్దమ్మ. ఆ శాలువా చూసి వాళ్లకు ధైర్యం వస్తుందని అనుకుంటున్నారు గానీ, "నోరు తెరిస్తే రేపు నన్నూ ఇట్లనే నిలబెడతారు" అన్న భయమే వస్తుంది. మీటింగు అసలు పెట్టాల్సింది ఆ వెనక వరుసలో కూర్చునే వాళ్ల కోసం.

నవంబర్ 25 అనేది డొమినికన్ రిపబ్లిక్‌లో 1960లో నియంత మనుషులు చంపేసిన ముగ్గురు అక్కచెల్లెళ్ల గుర్తు, ఐక్యరాజ్యసమితి 1999లో ఆ రోజును ప్రకటించింది. అక్కడి నుంచి డిసెంబర్ 10, మానవ హక్కుల రోజు దాకా పదహారు రోజులు జరుపుతారు. అంటే మీకు పదహారు రోజులు చేతిలో ఉన్నాయి, ఒక్క సాయంత్రమే మైకు పెట్టి అరవాల్సిన పని లేదు. వాడకొకటి చొప్పున చిన్న చిన్నగా కూర్చోండి, ఇరవై మందికి మించకుండా, మధ్యాహ్నం పూట, మగవాళ్లు లేకుండా. తండాలో పెట్టేది లంబాడీ భాష వచ్చిన ఆమెతోనే నడిపించండి, తెలుగులో చెప్తే పెద్దవాళ్లు తల ఊపుతారు గానీ మనసులో మాట చెప్పరు. బయటికి మాత్రం "అత్యాచార బాధితుల మీటింగు" అని చాటింపు వేయకండి, ఎవరు వెళ్లారో ఊరంతా లెక్క పెడుతుంది. ఏఎన్ఎం అమ్మతో మాట్లాడి బీపీ, షుగర్ పరీక్షలతో కలిపి పెట్టుకుంటే ఇంట్లో ఎవరూ ఎందుకు పోయినవని అడగరు.

వచ్చిన వాళ్లందరికీ ఒకే చీటీ ఇవ్వండి. అందులో లైన్‌మన్ నంబరు, ఏఎన్ఎం నంబరు, గ్యాస్ నంబరుతో పాటే మహిళా హెల్ప్‌లైన్ 181, పోలీసు 112, పిల్లల కోసం 1098, ఉచిత లాయరు కోసం న్యాయ సేవల 15100 కూడా రాయండి. అందరి ఇళ్లలో అదే చీటీ గోడకు ఉంటే ఏ ఒక్కరి మీదా అనుమానం రాదు. ఆదాయంతో పని లేకుండా ఏ ఆడమనిషికైనా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, ఈ సంగతి నోటితో కూడా చెప్పండి, చాలామంది తెల్ల కార్డు ఉంటేనే అనుకుంటారు. దాడి జరిగిన వాళ్లకు ఏ ఆసుపత్రైనా, ప్రైవేటుదైనా సరే, డబ్బు తీసుకోకుండా వెంటనే వైద్యం చేయాలి. గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే వేసుకోవాలి కాబట్టి "రేపు చూద్దాం" అనొద్దు. ఒంటి మీది బట్టలు ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమకు పాడవుతాయి. ఏ స్టేషన్‌కు పోయినా మా హద్దు కాదని పంపేయడానికి లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాల్సిందే.

అయితే మీటింగులో చెప్పేవన్నీ ఒక ఎత్తు, అందరూ లేచిపోయాక చెప్పులేసుకుంటూ ఒకామె మీ కొంగు పట్టుకుని ఆపడం ఒక ఎత్తు. ఆ నిమిషానికి ముందే సిద్ధంగా ఉండాలి. ఆమెను నల్గొండ సఖి కేంద్రానికి తీసుకుపోయేది ఎవరు? అక్కడ కౌన్సెలింగ్, పోలీసు, వైద్యం, లాయరు సాయం, కొన్ని రోజులు తలదాచుకునే చోటు అన్నీ ఒక్కదగ్గరే దొరుకుతాయి, సరే, కానీ ఆ రోజు ఆమె పిల్లలకు అన్నం పెట్టేది ఎవరు, బర్రెకు మేత వేసేది ఎవరు, ఆటో కిరాయి ఎక్కడిది? ఆడవాళ్లు ఆగిపోయేది ఇక్కడే, చట్టం తెలియక ఆగేవాళ్లు తక్కువ. సంఘం లెక్కల్లో దీనికి కొంత డబ్బు విడిగా రాసి పెట్టండి, ఫ్లెక్సీ డబ్బులు మిగిలినట్టే కదా.

ఇక మీ ఊరి అమ్మాయి. ఆమె దగ్గరికి మీరొక్కరే వెళ్లండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. "వాయిదాకు నల్గొండ పోయేటప్పుడు తోడు రావాలా?" అని అడగండి, అంతే. వద్దంటే సరే అని రండి, నెల తర్వాత మళ్లీ అడగండి. కోర్టు వరండాలో అవతలి వాళ్లు పది మంది నిలబడి చూస్తుంటే తండ్రీబిడ్డలు ఇద్దరే ఒక మూలకు కూర్చోవడం నేను ఎన్నోసార్లు చూశాను. పక్కన ముగ్గురు సంఘం అక్కలు టిఫిన్ డబ్బాతో కూర్చుంటే ఆ వరండా వేరేగా ఉంటుంది.

యూత్ పిల్లల ఉత్సాహాన్ని పాడు చేయకండి, వాళ్లకు పని చెప్పండి. 2019లో హాజీపూర్‌లో బయటపడ్డ ఆడపిల్లల హత్యలను మన ఉమ్మడి నల్గొండ జిల్లా మరిచిపోలేదు, బస్సు సరిగా లేని ఊళ్లో బడి నుంచి నడిచొచ్చే పిల్లకు లిఫ్ట్ ఇస్తానని బండి ఆపాడు ఆ హంతకుడు. మీ ఊరి నుంచి హైస్కూలుకు సాయంత్రం బస్సు ఎన్నింటికి, ఏ మలుపులో వీధి దీపం లేదు, బడిలో ఆడపిల్లల టాయిలెట్‌కు గడియ ఉందా, ఇవన్నీ తిరిగి రాసుకుని గ్రామసభలో అడగమనండి. బస్సు కోసం డిపో మేనేజర్‌కు అర్జీ పెట్టమనండి.

ప్రశ్న: మేడం, నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఇలాంటి కార్యక్రమాలకు మగపిల్లలం వెళితే మమ్మల్నే దోషుల్లా చూస్తారేమో అనిపిస్తుంది. మేం ఏం చేయగలం?

జవాబు: ఎవరూ అలా చూడరు తమ్ముడూ, ఒకవేళ చూసినా కాసేపు ఓర్చుకో. నీ అవసరం సభలో కంటే రచ్చబండ దగ్గర ఎక్కువ. ఊళ్లో ఏదైనా జరిగితే పెద్దమనుషులు కూర్చుని "ఇంత ఇప్పిస్తాం, కేసు వద్దు" అనో, ఇంకా ఘోరంగా "వాడికే ఇచ్చి చేద్దాం" అనో తెంపుతారు. అత్యాచారం కేసులో రాజీ అనే మాటే ఉండకూడదని సుప్రీంకోర్టు 2015లోనే తేల్చి చెప్పింది. ఆ పంచాయితీలో ఆడవాళ్లను కూర్చోనివ్వరు, నిన్ను కూర్చోనిస్తారు. అక్కడ లేచి ఆ మాట చెప్పు. నీ గ్రూపులో ఎవరైనా ఒక అమ్మాయి వీడియో పంపితే చూడకు, ఇంకొకరికి పంపకు, అలా పంపడం కూడా నేరమే. పంపినవాడు నీ దోస్తైనా సరే ఫోన్ చేసి మాట్లాడు.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ జిల్లాలో టీచర్‌గా పనిచేస్తున్నాను. బడిలో మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి చెప్పాక తొమ్మిదో తరగతి పాప నా దగ్గరికొచ్చి దగ్గరి బంధువు గురించి చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు: అమ్మా, ఆ ఒట్టు మీరు నిలబెట్టుకోలేరు. పిల్లలపై లైంగిక నేరాల కోసం 2012లో తెచ్చిన పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలపాల్సిందే, దాస్తే అదే నేరం. ఈరోజే పాపను పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వు చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు, కానీ నిన్ను కాపాడాలంటే నేను ఇంకొకరికి చెప్పాలి" అని ఉన్నదున్నట్టు చెప్పండి. వివరాలు గుచ్చి గుచ్చి అడగకండి, ఎలా అడగాలో తెలిసినవాళ్లు ఒకసారి అడిగితే చాలు. 1098కు ఫోన్ చేయండి. పాప చెప్పేది వీలైనంత వరకు మహిళా అధికారే, యూనిఫాం లేకుండా, పాపకు నచ్చిన చోటికి వచ్చి రాసుకోవాలి, రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు, ఇవి మీరు గుర్తు చేయాల్సి రావచ్చు. ఆ బంధువు అదే ఇంట్లో ఉంటే ఇంటికి కబురు పెట్టకముందే ఆ సంగతి 1098 వాళ్లకు, పోలీసులకు చెప్పండి. స్టాఫ్‌రూమ్‌లో ఎవరితోనూ అనకండి. పాప కొన్నాళ్లు బడికి రాకపోవచ్చు, హాజరు, పరీక్షల సంగతి మీరే చూసుకోండి, తిరిగొచ్చిన రోజు ఎప్పుడూ కూర్చునే చోటు ఆమె కోసం ఖాళీగా ఉంచండి.